డ్రైవరు సీట్లో బరువు

ఆ వీధిలో మేస్త్రి అంటే ఏ మేస్త్రి అని అడుగుతారు. మిల్లీమీటరు అంటే మాత్రం చేయి చాపి షాపు చూపిస్తారు. కార్ల చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో కొలిచి సరిచేయడం ఆయన పని. మిగతా షాపులవాళ్ళు కంప్యూటర్లు పెట్టుకుని, తెర మీద పచ్చగీత కనపడగానే తాళాలు చేతిలో పెట్టేస్తుంటే, ఈయన ఇంకా కారుకు అటూ ఇటూ నైలాను దారాలు లాగి కట్టి, స్టీలు స్కేలు పట్టుకుని నేల మీద బోర్లా పడుకుంటాడు. పాత స్పోర్ట్స్ కార్లున్నవాళ్ళు వెతుక్కుంటూ ఆయన దగ్గరికే వస్తారు. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా కారు వదలడు. "పర్లేదు, ఇచ్చేయండి" అన్నవాళ్ళ మీద ఒంటికాలి మీద లేస్తాడు. పర్లేదు అనే మాట కనిపెట్టినవాడు జన్మలో బండి తోలి ఉండడని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి, పక్కనే ఉన్న భార్య చిక్కి సగమైపోతుంటే చూసుకోలేదు. ఇది లోకులు అన్న మాట కాదు, కన్నకూతురు అన్న మాట. లోకులు అనుంటే దులిపేసుకునేవాడు.

ఆవిడ ఇంట్లో ఉండిపోయిన భార్య కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ షాపులోనే ఉండేది, అదీ డ్రైవరు సీట్లో. దానికో కారణం ఉంది. కారు ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిన కొలత మనిషి కూర్చున్నాక ఉండదు. మనిషి బరువుకు ఆ వైపు స్ప్రింగు అణుగుతుంది, చక్రం వాలు మారుతుంది. పెద్ద కార్లకు అది లెక్కలోకి రాదు. చిన్న స్పోర్ట్స్ కార్లు అలా కాదు, కోడలి మీద అలిగిన అత్తలాగా ప్రతిదీ పట్టించుకుంటాయి. అందుకని కొలిచేటప్పుడు సీట్లో యజమాని అంత బరువు ఉండాలి. అందరూ ఇసుక సంచులు పెడతారు. మిల్లీమీటరు భార్యను కూర్చోబెట్టేవాడు. ఇసుక సంచి బ్రేకు నొక్కదు, స్టీరింగు తిప్పమంటే తిప్పదు, పని మధ్యలో కబుర్లు చెప్పదు. ఆవిడ మూడూ చేసేది. మూడోది కాస్త ఎక్కువే చేసేది.

కూతురు పుట్టాక ఒకసారి ఆవిణ్ణి షాపులో గోడవారన ఉన్న తూకం మిషను మీద నిలబెట్టి చూశాడు. అరవై కిలోలు. ఇక ఆ అంకె మారలేదు. ఆవిడ మారలేదని కాదు, ఆయన మళ్ళీ చూడలేదని. వచ్చిన యజమానిని మిషను ఎక్కించేవాడు, డెబ్బై ఉంటే భార్య పక్కన పది కిలోల సంచి పెట్టేవాడు, ఎనభై ఉంటే రెండు పెట్టేవాడు. యజమానులను తూచాడు, సంచులను తూచాడు, ఇసుకకు చెమ్మ పట్టిందేమోనని వానాకాలంలో మళ్ళీ తూచాడు. ఆవిణ్ణి మాత్రం తూచలేదు. "నన్ను తూకం రాయిని చేశారు. ఊళ్ళో తిన్నగా పోయే ప్రతి కారూ నా చలవే" అని ఆవిడ వచ్చినవాళ్ళ ముందు గొప్పలు పోయేది.

జబ్బు బయటపడేనాటికే డాక్టర్లు పెదవి విరిచేశారు. "ఎన్నాళ్ళ నుంచి చిక్కిపోతున్నారావిడ?" అని అడిగితే మిల్లీమీటరు, "హఠాత్తుగా వచ్చిందండీ, మొన్నమొన్నటిదాకా బాగానే ఉంది" అన్నాడు. పక్కనే కూతురు ఉంది. ఆ అమ్మాయి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఊళ్ళోవాళ్ళందరి రక్తం ఆమె చేతుల మీదుగానే పోతుంది. డాక్టరు వెళ్ళాక వరండాలో ఆయన ముఖంలోకి సూటిగా చూసి, "రోజూ పక్కనే ఉన్నావు కద నాన్నా. నీకు కనపడలేదా?" అంది. ఆయన నీళ్ళు నమిలాడు. ఆ నమిలిన నీళ్ళు ఇంతవరకూ గొంతు దిగలేదు.

ఆవిడ పోయింది. కూతురు మాట్లాడటం మానేసింది. పక్క వీధిలోనే కాపురం కాబట్టి మధ్యాహ్నం డ్యూటీకి పోతూ కారియర్ తెచ్చి స్టూలు మీద పెడుతుంది. "కారియర్" అంటుంది. మర్నాడు ఖాళీ గిన్నెలు తీసుకుంటూ "గిన్నెలు" అంటుంది. తండ్రీకూతుళ్ళ మధ్య మిగిలిన భాష అంతే.

ఇంక ఆయన సంగతి. ఏడవలేదు. పక్క షాపు వెల్డింగతను చాటుగా "రాయి గుండెరా బాబూ" అన్నాడు గానీ, రాయి అయితే బరువైనా తెలిసేది. ఆయనకు ఏమీ తెలియడం లేదు. కాఫీ వేడిగా ఉందని నాలుక మీద బొబ్బ లేచాక తెలుస్తోంది. మడ్‌గార్డు అంచు చేయి కోసేస్తే నేల మీద ఎర్రటి చుక్కలు చూసి, ఏ కారు ఆయిలు కారుతోందా అని ఇంజను కింద వెతికాడు. పన్ను పీకించుకున్నవాడు మొద్దుబారిన చెంపను గిల్లి చూసుకున్నట్టు, రాత్రిళ్ళు పడుకుని భార్యను ఒక్కోసారి ఒక్కోలా తలుచుకుని చూసేవాడు. ఏమీ కాలేదు. లోపల ఒకే ఒక్క ప్రశ్న మాత్రం బతికి ఉంది. నిజంగా హఠాత్తుగానే వచ్చిందా? వచ్చిందంటే కూతురి కళ్ళలోకి చూడగలడు. రాలేదంటే, పిల్ల అన్నది నిజం. అప్పుడు ఆ అమ్మాయి కారియర్ తేవడం మానేసినా అడిగే మొహం ఉండదు.

అలా ఉండగా ఒక పొద్దున పళ్ళ డాక్టరు తన కారు తీసుకొచ్చాడు.

అది పైకప్పు లేని రెండు సీట్ల పాత కారు, ముదురాకుపచ్చ రంగు, నేలకు జానెడెత్తున నడుస్తుంది. డాక్టరు సెలవు రోజుల్లో తప్ప బయటికి తీయడు. చిన్నపాటి మనిషి, తిండి కూడా కొలుచుకుని తినేరకం కాబట్టి ఆయన బరువు ఎప్పుడూ అరవై దాటదు. అందుకే ఆ కారంటే మిల్లీమీటరు భార్యకు ఇష్టం. "ఇది నా కొలతకు కుట్టించిన కారు. సంచులతో పనిలేదు, నేనొక్కదాన్నే చాలు" అనేది. ఆవిడ చివరిసారి కూర్చున్నది కూడా అందులోనే. ఆ సాయంత్రం పని కాగానే కళ్ళు తిరుగుతున్నాయంటూ తిన్నగా ఇంటికెళ్ళి పడుకుంది. మళ్ళీ షాపు గడప తొక్కలేదు.

డాక్టరు తాళాలు వేలికి తిప్పుకుంటూ కాసేపు నసిగాడు. "మేస్త్రిగారూ, ఇలాంటి సమయంలో అడగకూడదు గానీ..."

"అడగండి."

"పోయినసారి మీరు చేసిన దగ్గర్నుంచీ స్టీరింగు మీద చేయి వదిలితే కొంచెం నా వైపుకే వాలుతోందండీ. నా భ్రమేమో కూడా."

తన పనికి వంక పెడితే మామూలుగా మిల్లీమీటరు షాపు పైకప్పు లేపేస్తాడు. డాక్టరు తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చాడు. "ఉంచి వెళ్ళండి, సాయంత్రం చెప్తాను" అని మాత్రం అనేసరికి, పాపం ఆయనకు ఏదో నష్టపోయినట్టయింది. అలవాటు ప్రకారం తనే వెళ్ళి తూకం మిషను ఎక్కాడు. అరవై. "మారలేదండీ" అని ఎవరూ అడక్కుండానే చెప్పి, క్లినిక్కుకు వెళ్ళిపోయాడు.

మిల్లీమీటరు పని మొదలెట్టాడు. ముందు చక్రాలను తిరుగుడు పలకల మీదికి ఎక్కించాడు. గాలి చూశాడు. డ్రైవరు సీట్లో అరవై కిలోల ఇసుక సంచులు పేర్చి, బెల్టు బిగించాడు. బ్రేకు పెడలుకూ సీటుకూ మధ్య ఒక కర్ర అడ్డం పెట్టాడు. ఆవిడ పోయాక బ్రేకు నొక్కేది ఆ కర్రే. కారును ముందొకసారి వెనకొకసారి అదిమి వదిలాడు, స్ప్రింగులు సర్దుకోవాలి కదా. రెండు వైపులా దారాలు లాగి కట్టి, ముందు చక్రాల ముక్కులు లోపలికి ఎంత తిరిగాయో చూశాడు. సరిగ్గా ఉంది. చక్రం తల లోపలికి ఎంత వాలిందో చూపే కాంబర్ గేజి ఆనించాడు. ప్రయాణికుడి వైపు సరిగ్గా ఉంది. డ్రైవరు వైపు తేడా ఉంది. కింద పడుకుని నేల నుంచి చక్రాన్ని మోసే ఇనప ఆర్మ్ బోల్టు దాకా ఎత్తు కొలిచాడు. డ్రైవరు వైపు నాలుగు మిల్లీమీటర్లు కిందికి ఉంది.

మళ్ళీ కొలిచాడు. స్కేలు మార్చి కొలిచాడు. నాలుగే.

ఆయన జీవితంలో నాలుగు మిల్లీమీటర్ల తప్పంటే ఊరు విడిచి పారిపోవాల్సిన విషయం. ఆ రోజు మాత్రం ఎవరో పక్క షాపువాడు చేసిన తప్పును చూసినట్టు చూశాడు. సిగ్గు వేస్తుందేమోనని కాసేపు ఆగాడు. వేయలేదు. సరే, పని పనే. స్ప్రింగును పైనుంచి పట్టి ఉంచే కాలరు ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే ఆ మూల లేస్తుంది. కొక్కెం స్పానరు తెచ్చి తగిలించాడు. ఒక్క చుట్టు తిప్పితే చాలు, కారు తిన్నగా నిలబడుతుంది, డాక్టరు సంతోషిస్తాడు, పీడా పోతుంది.

తిప్పేవాడే. కాలరు మీద తను పెట్టిన పసుపు పెయింటు గీత కనపడింది. పని ముగించాక ప్రతి నట్టు మీదా గీస్తాడు, ఎవరైనా కదిపితే గీత విరుగుతుందని. గీత విరగలేదు. ఎవరూ ముట్టుకోలేదు. అంటే పోయినసారి భార్య కూర్చున్నప్పుడు ఇదే కాలరు, ఇదే గీత, అప్పుడు రెండు వైపులా సమానంగా వచ్చింది. ఇప్పుడు అంతే బరువు పెడితే రావడం లేదు. స్ప్రింగు అలిసిపోయిందనుకుంటే, డాక్టరు కారు ఎక్కువ తిప్పేవాడు కాదు. స్పానరు తీసేసి, నేల మీద కూర్చున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, తను కారు ఖాళీ చేయలేదని. కొలిచే ముందు డిక్కీలో, సీట్ల కింద ఉన్న సామానంతా తీసేయాలన్నది ఆయన పెట్టిన నియమమే. కస్టమర్లకు తలంటుపోసి మరీ చెప్పే నియమం. ఈ మధ్య ఒళ్ళు తెలియకుండా పనిచేస్తున్నాడు కాబట్టి అదీ మరిచిపోయాడు. లేచి డిక్కీ తెరిచాడు. ఏమీ లేదు. సీటు కింద చేయి పెట్టాడు. గుడ్డ తగిలింది. లాగితే రాలేదు. పట్టి ఈడిస్తే ఒక మూట వచ్చింది, దాని వెనకే నాడాతో కట్టిన ఇంకో మూట, దాని వెనక ఇంకోటి.

మూడు చిన్న మూటలు. తన పాత పని ప్యాంటు కాలును ముక్కలుగా కోసి కుట్టినవి. మోకాలి దగ్గర పడిన గ్రీజు మరక చూసి ప్యాంటును గుర్తుపట్టాడు. లోపల సీసం. చక్రం బ్యాలెన్సు కోసం రిమ్ముకు తగిలించే సీసపు బిళ్ళలు, పాతవి పీకేశాక షాపు మూల డ్రమ్ములో పడేస్తుంటాడు కదా, అవి. మొదటి మూట నీలం దారంతో దగ్గర దగ్గరగా, ముచ్చటగా కుట్టి ఉంది. రెండోది తెల్లదారంతో మిషను కుట్టు. మూడోది నల్లదారంతో చేతికుట్టు, తాగినవాడు నడిచినట్టు వంకరటింకరగా పోయింది.

ఇవి తను పెట్టినవి కావు. డాక్టరుకు సీసంతో పనిలేదు.

మూటలు బయట పెట్టి, కారును మళ్ళీ అదిమి వదిలి, కింద పడుకుని కొలిచాడు. రెండు వైపులా సమానం. వెంట్రుకవాసి తేడా లేదు. కాంబర్ గేజి ఆనించాడు. అదీ సరిపోయింది. తన పనిలో తప్పు లేదు. ఆ రోజు సీట్లో సరిగ్గా అరవై కిలోలే ఉన్నాయి. కాకపోతే ఆ అరవైలో కొంత సీసం.

మూడు మూటలూ మోసుకెళ్ళి తూకం మిషను మీద పెట్టాడు. ముల్లు పదిహేను దగ్గర ఆగింది. అరవైలోంచి పదిహేను తీసేయడం చిన్నపిల్లలు కూడా చేస్తారు. ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆవిడకు తెలుసు. రోజూ పొద్దున్నే షాపు ఊడ్చేది ఆవిడే. ఆయన టీ కొట్టు దగ్గర ఉండగా ఈ మిషను ఎక్కి చూసుకునేది కాబోలు. తగ్గినప్పుడల్లా ఒక మూట. సీటు పాడవుతుందని ముందుగా వెళ్ళి దుప్పటి పరిచేది కదా, ఆ దుప్పటి చాటున మూటలు చేరేవి. "మీరు ముందెళ్ళి మంచినీళ్ళు తాగి రండి, పెదాలు ఎండిపోయాయి" అని తరిమేది. ఆయన నిజంగానే పెదాలు తడుముకుంటూ వెళ్ళేవాడు. పని అయ్యాక మళ్ళీ చాటుగా తీసేసేది. ఆ చివరి రోజు మాత్రం తీసే ఓపిక లేకపోయింది.

ఎందుకు చెప్పలేదు? చెబితే ఆ సీట్లోంచి లేపి ఆస్పత్రి మంచం మీద పడుకోబెడతారని భయం కాబోలు. అంతకన్నా ఆయనకు తోచలేదు. చావు వెంటపడుతుంటే కూడా మొగుడి కొలత తప్పకూడదని సీసం కుట్టుకుంటూ కూర్చుంది. ఆ మొండితనానికి ఆయనకు చాలా రోజుల తర్వాత కోపం వచ్చింది. వచ్చిందని తెలుస్తూనే చల్లారిపోయింది.

తన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. హఠాత్తుగా రాలేదు. నీలం దారం నాటి నుంచే ఉంది. కానీ తనకెలా తెలుస్తుంది, ఆవిడే దాచింది కదా? ఈ మూటలు కూతురి ముందు పెట్టి, "చూడు, మీ అమ్మ నా కళ్ళు కప్పింది" అంటే సరి. ఏ కోర్టయినా వదిలేస్తుంది.

అలా అనుకుంటుండగానే ఉంగరం గుర్తొచ్చింది. ఒక రోజు స్టీరింగు తిప్పుతుంటే ఆవిడ వేలి ఉంగరం జారి కింద పడింది. మర్నాడు ఉంగరానికి లోపలివైపు దారం చుట్టుకుని వచ్చింది. అది ఆయన కంటపడింది. చేయి పట్టుకుని, దగ్గరగా పెట్టుకుని మరీ చూశాడు. "అబ్బో, షిమ్ము వేశావే! నా దగ్గర పని బాగానే నేర్చావు" అని మెచ్చుకున్నాడు. వదులుగా ఉన్న సందులో పలచటి రేకు పెట్టి బిగించడాన్ని షిమ్ము వేయడం అంటారు. ఆవిడ కూడా నవ్వింది. ఉంగరం ఎందుకు వదులైందని ఆయన అడగలేదు. ఆవిడ సీటు కింద దాచింది బరువును మాత్రమే. వేలిని దాచలేదు, మెడను దాచలేదు, మనిషిని ఎక్కడా దాచలేదు. ఎదురుగానే కూర్చుని బ్రేకు నొక్కింది. పిల్ల అన్నది నిజమే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆవిడ ఈ ముక్క తనకే కాదు, కూతురికీ చెప్పలేదు. ఊరందరి జబ్బులూ ముందుగా చూసే పిల్ల. ఒక్క చుక్క రక్తం ఇచ్చి ఉంటే తేల్చేసేది. ఈ మూటలు చూపిస్తే తన మీద ఉన్న కత్తి వెళ్ళి ఆ పిల్ల గుండెల్లో దిగుతుంది. దాచేద్దామని లేచాడు.

"కారియర్" అంది కూతురు గుమ్మంలోంచి.

స్టూలు మీద పెట్టి, వెనక్కి తిరగబోయి, మిషను మీదున్న మూటలు చూసి ఆగింది. "ఇవింకా ఉన్నాయా!"

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "నీకెలా తెలుసు?"

"తెల్లదారంది నేనే కుట్టాగా. అమ్మ మా ఇంటికొచ్చింది. మీ నాన్నకి సీటు కింద పెట్టడానికి బరువులు కావాలట, చేతికుట్టు నిలవట్లేదు, నీ మిషను మీద కుట్టిపెట్టవే అంది." కూతురు లోపలికి వచ్చి రెండో మూటను ఒళ్ళోకి తీసుకుని తూకం మిషను అంచున కూర్చుంది. "సూది రెండుసార్లు విరిగింది తెలుసా, నీ ప్యాంటు గుడ్డకి. అమ్మ పక్కనే కూచుని ఒకటే నవ్వు. మీ నాన్న నిద్దట్లో కూడా 'ఎడమకి, ఎడమకి, చాలు' అంటాడే, పక్కన పడుకోవాలంటే లైసెన్సుండాలి అని."

ఆవిడ పోయాక కూతురి నోటి నుంచి ఇన్ని మాటలు ఒక్కసారి వినడం ఇదే. ఆ ముఖంలో కాస్త నవ్వు కూడా ఉంది.

"ఆ రోజు భోంచేసి వెళ్ళమంటే వద్దంది. కొంచెం ఆయాసపడింది కూడా. మెట్లెక్కి వచ్చింది కదా అనుకున్నా." కూతురి వేళ్ళు తెల్లటి కుట్టు మీద ఆగాయి. "అవునూ, ఇవి దేనికి నాన్నా? నీకు ఇసుక సంచులున్నాయిగా?"

నిజం నాలుక చివరే ఉంది. చెబితే నేరం సగం పంచుకునే మనిషి దొరుకుతుంది. అడిగిన పిల్లే తన చేత్తో కుట్టింది, తన కళ్ళతో చూసింది, తనకూ కనపడలేదు. ఆ మాట ఆయన నోరు విప్పి అనక్కర్లేదు కూడా, పదిహేను అని అంకె చెబితే చాలు, మిగతా లెక్క ఆ పిల్ల కట్టుకుంటుంది. జీవితాంతం కట్టుకుంటూనే ఉంటుంది.

"ఇసుక సంచులు చిన్న కార్లలో పట్టవమ్మా. ఇరుకు జాగాలో పెట్టడానికి సీసం అయితే వీలుగా ఉంటుందని నేనే చేయించాను" అన్నాడు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. ఈయన బతుకులో సరిగ్గా ఆడిన అబద్ధం ఇదొక్కటే. మిల్లీమీటరు నోట తప్పు కొలత వస్తుందని ఎవరూ అనుకోరు కాబట్టి కూతురు నమ్మేసింది.

"వీటిల్లో ఒకటి నాకిస్తావా?" అంది కాసేపటికి. "అమ్మ కుట్టినవి ఇంకేం లేవు నా దగ్గర."

"మూడూ తీసుకో. గుడ్డలు నీవి, సీసం షాపుది. ఇంత బరువు ఎక్కడ మోస్తావు?"

బ్లేడు తెచ్చాడు. నీలం కుట్టు తెంపి, మూట డ్రమ్ము మీద వంచాడు. బిళ్ళలు గలగలమని పాత బిళ్ళల్లో కలిసిపోయాయి. తెల్లకుట్టు కూతురే తెంపింది. నల్లదారం దగ్గర ఆయన బ్లేడు పక్కన పెట్టేశాడు. గోటితో ఒక్కో కుట్టూ విప్పాడు. ఒకచోట ఆవిడ సూది గుచ్చుకుందేమో, గుడ్డ మీద చిన్న గోధుమరంగు చుక్క ఉంది. దాని మీద ఆయన బొటనవేలు ఆనించాడు. లోపలెక్కడో నొప్పి పుట్టింది. ఇంతకాలం వెతికిన నొప్పి అదేనని గుర్తుపట్టి, కూతురికి కనపడకుండా డ్రమ్ములోకి వంగాడు. చివరి బిళ్ళలు కూడా పడిపోయాయి. పదిహేను ఇక ఎక్కడా లేదు, ఆయన తలలో తప్ప.

కూతురు గుడ్డలు మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్ళబోతూ కారులోకి తొంగి చూసి, "ఆ కర్రేంటి?" అంది.

"బ్రేకు నొక్కడానికి. స్టీరింగు అటూ ఇటూ తిప్పి ఇంకో కొలత తీయాలి. ఒక్కణ్ణే కదా."

ఆ అమ్మాయి కర్రనూ, బెల్టు పెట్టుకుని కూర్చున్న ఇసుక సంచులనూ కొంతసేపు చూసింది. "డ్యూటీకి ఇంకా టైముంది. తియ్యి ఆ సంచులు, నేను కూచుంటా. కోపం పోయిందనుకోకు."

"పోకపోయినా సరే, కారియర్ మానకు" అన్నాడు.

సంచులు దించాడు. కూతురు చెప్పులు విడిచి, తలుపు తెరిచి, ఒక కాలు లోపల పెట్టింది.

"ఆగు. ముందు అటొచ్చి మిషను ఎక్కు."

"ఎందుకు? అమ్మని ఎప్పుడూ తూచేవాడివి కాదుగా?"

"ఎక్కమ్మా."

విసుక్కుంటూనే ఎక్కింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ముల్లు నిలిచేదాకా ఆగి, అద్దం తుడిచి చూశాడు. యాభై నాలుగు. ఆరు కిలోలకు సంచి తీసి పక్కన పెట్టాడు.

"రేపొచ్చినప్పుడు మళ్ళీ ఎక్కాలి" అన్నాడు.

"ఒక్క రోజులో ఏం మారిపోతుంది నాన్నా?"

"ఏమో. తూస్తేగా తెలిసేది" అన్నాడు.